గొర్రెకే ఉన్ని అక్కర్లేని నేల మీద చలికాలం బట్టలు

నెల్లూరు గొర్రెను దగ్గరగా చూసినవారికి తెలిసిన విషయమే: దాని ఒంటి మీద ఉన్ని ఉండదు. మన దేశపు గొర్రెల జాతుల్లోకెల్లా ఎత్తైన జాతి అది. పొట్టి వెంట్రుకలు, పొడవాటి కాళ్లు. దూరం నుంచి చూసిన కొత్తవాళ్లు మేక అనుకుంటారు. గొంగళ్లు నేయడానికి పనికొచ్చే ముతక ఉన్ని దక్కన్ గొర్రెలకు ఉంటుంది. తీరం వైపు ఎండలో, ఉక్కలో తరతరాలుగా బతికిన ఈ జీవానికి ఆ కప్పు అవసరం పడలేదు. అయినా నవంబరు వచ్చేసరికి నెల్లూరులోనూ ఒంగోలులోనూ దుకాణాల అద్దాల వెనక బొమ్మలకు మందపాటి స్వెట్టర్లు తొడుగుతారు. రోడ్డు పక్కన కట్టిన తాళ్ల మీద ఉన్ని కోట్లు వేలాడతాయి. మనం కొంటాం. సంక్రాంతి దాటాక అవి బీరువాలో ఒక అరనంతా ఆక్రమించుకుని మళ్లీ నవంబరు దాకా కదలవు. ఈ అలవాటు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. మన చలికాలం వేరు, దానికి కావలసిన బట్టలు వేరు, ఆ బట్టలను దాచుకునే పద్ధతి కూడా వేరుగా ఉండాలి.

మన దగ్గర చలికాలం వానతో మొదలవుతుంది. రాష్ట్రంలో చాలా జిల్లాలకు జూన్ నుంచి సెప్టెంబరు వరకు వీచే నైరుతి రుతుపవనాలే ప్రధానం. నెల్లూరుకు మాత్రం ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల వల్ల, బంగాళాఖాతంలో పుట్టే వాయుగుండాల వల్ల వస్తుంది. 2015 నవంబరులో, మళ్లీ 2021 నవంబరులో జిల్లాను ముంచిన వరదలు, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను, అన్నీ మనం స్వెట్టర్లు బయటికి తీయాలనుకునే రోజుల్లో వచ్చినవే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా తీరంలో ఉష్ణోగ్రత సాధారణంగా 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. మధ్యాహ్నానికి 30 దాకా పోతుంది. కాబట్టి మనకు కావలసిన బట్ట త్వరగా ఆరాలి, తెల్లవారుజామున గాలిని ఆపాలి, తొమ్మిది గంటలకు ఎండ ఎక్కగానే సులువుగా తీసి మడిచి సంచిలో పెట్టుకునేలా ఉండాలి. మందపాటి ఉన్ని స్వెట్టరు ఈ మూడింటిలో ఒక్క పనీ సరిగా చేయదు. అల్లిక కన్నాల్లోంచి గాలి దూరుతుంది. తడిస్తే ఆరడానికి రోజులు పడుతుంది. తీసేస్తే చేతినిండా బరువు.

వెచ్చదనం బట్ట మందంలో ఉంటుందని చాలామంది నమ్మకం. నిజానికి మనల్ని వెచ్చగా ఉంచేది బట్టల మధ్య కదలకుండా నిలిచిన గాలి. పల్చటి బట్టలు రెండు వేసుకుంటే వాటి మధ్య ఒక గాలి పొర ఏర్పడుతుంది. అందుకే రెండు పల్చటి నూలు బట్టలు చాలాసార్లు ఒక మందపాటి బట్టకు సమానమైన పని చేస్తాయి, పైగా ఎండెక్కాక ఒకటి తీసేసే వీలు ఉంటుంది. ఈ సూత్రం మనకు కొత్తది కాదు. పాత నూలు చీరలను నాలుగైదు పొరలుగా పరిచి కుట్టిన బొంత కప్పుకుని పెరిగినవాళ్లమే మనం. ఒక్కో చీర విడిగా చూస్తే వెలుతురు అవతలికి కనిపించేంత అరిగి ఉంటుంది. పొరలు కలిసేసరికి ఏ దుకాణపు రగ్గూ దానికి సాటి రాదు.

ఇంకో ఉదాహరణ చెబుతాను, దీని మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. ప్రకాశం జిల్లాలో పొగాకు పొలాల వెంట పొద్దున్నే వెళ్తే ఆకు కోతకు వచ్చిన ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని కనిపిస్తారు. ఆ చొక్కా తెల్లవారుజామున మంచును ఆపుతుంది, పొద్దెక్కాక ఎండను ఆపుతుంది, పొగాకు జిగురు చేతులకు అంటకుండా కాపాడుతుంది. గుండీలు విప్పితే గాలి ఆడుతుంది. సాయంత్రం ఉతికితే తెల్లారేసరికి చాలావరకు ఆరుతుంది. దానికోసం ప్రత్యేకంగా ఖర్చు లేదు, ఇంట్లో పాతబడిన చొక్కా చాలు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల చలికాలానికి ఇంతకన్నా తగిన దుస్తులను ఏ దుకాణంలోనూ నేను చూడలేదు. పట్నంలో ఉద్యోగాలు చేసేవాళ్లం దాన్ని కూలీల వేషంగా చూడడం నాకు బాధ కలిగిస్తుంది. వాళ్లు ఆలోచించి, అనుభవంతో తేల్చుకున్న పద్ధతి అది.

ఆ పద్ధతినే నేను కొద్దిగా మార్చి పాటిస్తాను. ధనుర్మాసంలో తెల్లవారకముందే పెన్నా ఒడ్డున ఉన్న తల్పగిరి రంగనాథస్వామి గుడికి వెళ్లాలంటే కాస్త ఒత్తుగా నేసిన చేనేత నూలు చీర, మోచేతి కిందికి దిగే చేతుల జాకెట్టు, పైన ఒక శాలువా. ఉన్ని శాలువా అక్కర్లేదు, ఒత్తు నూలుదే సరిపోతుంది. మంచు పడుతుంటే తల మీదికి లాక్కోవచ్చు, కూర్చున్నప్పుడు ఒళ్లో వేసుకోవచ్చు, ఇంటికి వచ్చేసరికి నాలుగు మడతల్లో సంచిలోకి పోతుంది. పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లే రోజుల్లో ఇదే జతలో చీర బదులు సల్వారు కమీజు, దాని మీద ముందు భాగం తెరిచి ఉండే పొడుగు చేతుల నూలు చొక్కా. ఈ పై చొక్కాలు నా దగ్గర మూడు రంగుల్లో ఉన్నాయి: గోధుమ రంగు, ముదురు నీలం, ఇటుక రంగు. నాకున్న కమీజుల్లో ఏది తీసినా వీటిలో ఒకటి నప్పుతుంది. పొద్దున పూట బీరువా ముందు నిలబడి ఆలోచించే అవసరం లేకుండా చేసింది ఈ మూడు రంగుల ఏర్పాటే. వాన పట్టిన రోజుల్లో మాత్రం కిందికి నూలు వాడను. పాలియెస్టర్ కలిసిన ముదురు రంగు సల్వారు వేసుకుంటాను. బురద పడినా కనిపించదు, ఫ్యాను కింద రాత్రికి రాత్రి ఆరుతుంది. నవంబరులో జీన్స్ ప్యాంటు వేసుకునేవాళ్లకు నా విన్నపం: అది సంక్రాంతి తర్వాతి బట్ట, వానల్లో దాన్ని పక్కన పెట్టండి. ఒకసారి తడిస్తే నడుము పట్టీ, జేబుల దగ్గర రోజుల తరబడి చెమ్మ పోదు.

చలి నిజంగా తెలిసేది బండి నడిపేవాళ్లకు. కోవూరు నుంచో బుచ్చిరెడ్డిపాళెం నుంచో పొద్దున్నే నెల్లూరుకు వచ్చేవాళ్లకు గాలి ఛాతీకి, చెవులకు సూటిగా కొడుతుంది. పెన్నా వంతెన మీద మరీ ఎక్కువ. ఇక్కడ కూడా స్వెట్టరు పనికిరాదు, ఎందుకంటే గాలి దానిలోంచి దూసుకుపోతుంది. మామూలు చొక్కా మీద గాలి చొరబడని పల్చటి విండ్‌చీటరు వేసుకుంటే చాలు. వానకూ అదే అక్కరకొస్తుంది, ఆఫీసుకు చేరగానే మడిచి బండి డిక్కీలో పెట్టుకోవచ్చు. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల గట్ల మీద రాత్రి కాపలా ఉండేవాళ్లు చెవులు, మెడ కప్పి తువ్వాలు కట్టుకోవడం చూస్తుంటాం. మెడ, చెవులు, ఛాతీ కాపాడుకుంటే మిగిలిన ఒళ్లు ఈ చలిని తట్టుకుంటుందని వాళ్లకు తెలుసు.

పిల్లల విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. యూనిఫాం మీద ఉన్ని స్వెట్టరు తొడిగి బడికి పంపితే తొమ్మిదిన్నరకల్లా లోపలి చొక్కా చెమటతో తడిసిపోతుంది. ఆ తడి చొక్కాతోనే వాళ్లు సాయంత్రం దాకా కూర్చుంటారు. తరగతిలో ఎదురుగా నిలబడి చూసే మనిషిని కాబట్టి చెబుతున్నాను. చొక్కా లోపల చేతులున్న బనియను ఒకటి వేసి పంపండి, అది చాలు. నెలల పసిపిల్లలు, ముసలివాళ్ల సంగతి వేరు. ముసలివాళ్లకు వయసుతో కండ తగ్గి, ఒంట్లో వేడి నిలవదు. ఈ ఇద్దరికీ మేజోళ్లు, చెవులు మూసే టోపీ, ముందు గుండీలుండే మెత్తటి స్వెట్టరు కావాలి. తల మీదుగా లాగి తొడగాల్సినవి కొనవద్దు. భుజాల నొప్పులున్న పెద్దవాళ్లకు వాటిని తొడుక్కోవడం పెద్ద యాతన.

తీరం గురించి చెప్పింది పడమటి వైపు మెట్టకు వర్తించదు. మా పుట్టిల్లు మార్కాపురం వైపు. నల్లమలకు దగ్గరైన ఆ మెట్ట ప్రాంతంలో సముద్రపు గాలి లేదు, తేమ తక్కువ. పొద్దుపోయాక నేల త్వరగా చల్లారుతుంది, రాత్రికీ పగటికీ తేడా ఎక్కువ. గిద్దలూరులో జనవరి తెల్లవారుజామున స్వెట్టరు వేసుకున్న మనిషి తప్పేమీ చేయడం లేదు. అలాగే తిరుమలకు, బెంగళూరుకు పోయేటప్పుడు ఉన్ని కావాలి. అందుకని మా ఇంట్లో ఉన్ని బట్టలన్నీ ఒకే చోట ఉంచుతాం. మనిషికి ఒక స్వెట్టరు, ఒక టోపీ, ఒక జత మేజోళ్లు, అన్నీ కలిపి ఒక గుడ్డ సంచిలో. దాన్ని కొండ సంచి అంటాం, ఎక్కువగా కదిలేది తిరుమల ప్రయాణానికే కాబట్టి. రోజువారీ బట్టల అరల్లో ఉన్నికి చోటు లేదు. ప్రయాణం వచ్చినప్పుడు బీరువా అంతా వెతకకుండా ఆ సంచి తీస్తే సరిపోతుంది.

ఇక బీరువా. సర్దడం గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా అందం గురించి చెబుతారు: రంగుల వరుస, ఒకే రకం హ్యాంగర్లు, పెట్టెల మీద చీటీలు. మన ప్రాంతంలో సర్దడం మొదట తేమతో చేసే పోరాటం. గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు నూలు తన బరువులో దాదాపు 8 శాతం, పట్టు 11 శాతం, ఉన్ని 16 శాతం దాకా నీటిని పీల్చి ఉంచుకుంటాయి. పాలియెస్టర్ అర శాతం కూడా పీల్చదు. అంటే మనకు పొడిగా తోచే బట్టలోనూ నీరుంటుంది. వానల్లో గాలి తేమ ఇంకా పెరుగుతుంది, బట్టలోని నీరూ పెరుగుతుంది, తలుపు మూసిన బీరువాలో బూజుకు అంతకన్నా అనువైన చోటు ఉండదు. కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నేను పట్టుబట్టేది ఒకటే: దండెం మీది నుంచి తీసిన బట్ట నేరుగా బీరువాలోకి పోకూడదు. ఇస్త్రీ చేసి, ఆ వేడి చల్లారేదాకా బయట ఉంచి, అప్పుడు పెట్టాలి. వేడిగా పెడితే ఆవిరి లోపలే చిక్కుకుంటుంది. అరలను కుక్కి నింపకూడదు. చెయ్యి దూరేంత ఖాళీ ఉంటేనే గాలి తిరుగుతుంది. బీరువాకూ గోడకూ మధ్య నాలుగు వేళ్ల సందు వదలాలి. పెద్దలు బీరువాను నైరుతి మూలలో పెట్టమంటారు. ఈశాన్యం నుంచి వచ్చే వానజల్లు ఉత్తరం, తూర్పు గోడలనే ఎక్కువ తడుపుతుంది కాబట్టి మన ఊళ్లకు ఆ మాట ఈ లెక్కన కూడా బాగానే కుదిరింది. కొత్త ఇళ్లలో బయటి గోడలోనే అలమరలు కట్టేస్తున్నారు. అలాంటి చోట వెనక గోడకు ఆనించి పట్టు పెట్టవద్దు.

గంజి పెట్టిన నూలు చీరలను వానల ముందు దాచడం మరో ఇబ్బంది. గంజి బూజుకు ఆహారం, వెండి రంగులో మెరుస్తూ పరుగెత్తే చిన్న పురుగుకూ ఆహారమే. ఆ పురుగు చీరను గీకినట్టు తిని పల్చబరుస్తుంది. దాచే చీరను గంజి పోయేలా ఉతికి పెట్టి, కట్టుకోవలసినప్పుడు కొత్తగా గంజి పెట్టుకోవాలి. పట్టు, ఉన్ని తినేది చిమ్మట పిల్ల పురుగు. చెమట, తిండి మరకలున్న చోటు దానికి మరీ ఇష్టం, అందుకే ఒకసారి కట్టి విప్పిన పట్టుచీరను గాలికి ఆరనివ్వకుండా లోపల పెట్టకూడదు. కలరా ఉండలు వేస్తే అన్నీ కుదురుతాయనుకుంటారు. అవి పురుగుకు మందు, తేమకు కావు. పసిపిల్లల బట్టల్లో మాత్రం వాటిని అసలు వేయవద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న బిడ్డకు ఆ వాసన పట్టిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు చిట్లిపోయే ప్రమాదం ఉంది. బాలింత ఉన్న ఇళ్లలో చలి పెరిగిందని పెట్టె అడుగునుంచి పాత ఊలు టోపీ తీసి నేరుగా బిడ్డకు పెడుతుంటారు. ముందు ఉతికి, ఎండలో ఆరబెట్టండి.

వెంకటగిరి 2022లో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లినా అక్కడ నేసే చీరలను మేము ఇప్పటికీ మావిగానే చెప్పుకుంటాం. సన్నటి నూలు మీద జరీ అంచు ఉన్న ఆ చీర హ్యాంగరుకు వేలాడదీస్తే జరీ బరువుకు సాగుతుంది. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మ చేరి జరీ నల్లబడుతుంది. మెత్తటి తెల్ల నూలు గుడ్డలో చుట్టి, మూడు నాలుగు నెలలకు ఒకసారి మడత మార్చాలి. ఒకే మడత మీద ఏళ్లు గడిస్తే ఆ గీత వెంబడే చీలుతుంది. పాత లుంగీలను చింపి ఈ పనికి వాడతాను, అవి ఉతికి ఉతికి మెత్తబడి ఉంటాయి.

ఎంత సర్దినా బీరువాకు ఊపిరి ఆడనివ్వనిది మాత్రం పెట్టుబడి చీరల దొంతర. పెళ్లికి, గృహప్రవేశానికి, ఓణీల పండక్కి, పోయినవాళ్ల పెద్దకర్మకు మనం పెట్టేవి, మనకు పెట్టేవి. ఇచ్చినవాళ్లు కట్టరు, పుచ్చుకున్నవాళ్లు కట్టరు. జాకెట్టు ముక్కతో సహా కవరు విప్పకుండా మరొకరి శుభకార్యం కోసం ఎదురుచూస్తాయి. మధ్యతరగతి ఇళ్లలో మంచి అర ఒకటి వీటికే పోతుంది. ఆ అర ఇరుకు వల్లే మనం నిజంగా కట్టుకునే చీరలు నలుగుతాయి, గాలి ఆడక మగ్గిన వాసన వేస్తాయి. ఇది మర్యాదకు సంబంధించిన విషయమని, మానేస్తే బంధువులు నొచ్చుకుంటారని నాకు తెలుసు. మా అత్తయ్య దగ్గర ఈ మాట ఎత్తినప్పుడు ఆవిడ అడిగింది కూడా సరైన ప్రశ్నే: “చీర పెట్టకపోతే వచ్చిన ఆడపిల్లను ఎట్లా పంపుతావమ్మా?” పెట్టడం మానమని నేను అనలేదు. కట్టుకునేది పెడదామన్నాను. పది మందికి పది మెరుపు చీరలు కొనే డబ్బుతో, దగ్గరివాళ్లకు చీరాల నేతన్న నేసిన నూలు చీరలు కొన్ని, మిగిలినవారికి ఒక మంచి చేనేత తువ్వాలు, పసుపు కుంకుమ. తువ్వాలు వాడని ఇల్లు లేదు. చలికాలంలో మెడకు చుట్టుకునేదీ అదే. ఆవిడ ఒప్పుకోవడానికి రెండు శుభకార్యాలు పట్టింది, ఇప్పుడు తువ్వాళ్ల రంగులు ఆవిడే ఎంచుతారు. ఇప్పటికే పోగైన చీరలను బీరువాలోంచి తీసి అట్టపెట్టెలో వేసి, ఎవరు ఎప్పుడు పెట్టారో పైన రాసిపెట్టాను. ఇచ్చినవాళ్లకే తిరిగి వెళ్లే ఇబ్బంది తప్పింది. ఏడాది దాటినవి తెలిసిన ఇళ్లలో కట్టుకునేవాళ్లకు వెళ్లిపోతాయి.

వీటన్నిటికీ ఏడాదిలో తగిన సమయం ఒకటుంది, అది భోగి ముందు వారం. జనవరి వచ్చేసరికి ఈశాన్య వానలు తగ్గుముఖం పడతాయి, ఎండ పొడిగా, ఒళ్లు కాలకుండా ఉంటుంది. పాతవి తీసేసే పండుగ సరిగ్గా అప్పుడే రావడం మన తీరానికి గొప్ప అనుకూలం. ఆ వారంలో అరలన్నీ ఖాళీ చేసి, లోపల పొడిగుడ్డతో తుడిచి, తలుపులు ఒక పూటంతా తెరిచి ఉంచాలి. నూలువి ఎండలో, పట్టువి వరండా నీడలో ఆరాలి. ఆ చలికాలంలో ఒక్కసారి కూడా తొడగని బట్ట అక్కడే బయటపడుతుంది. దాన్ని తిరిగి లోపల పెట్టవద్దు, మంటలోనూ వేయవద్దు. ఇప్పటి బట్టల్లో చాలావాటిలో పాలియెస్టర్ ఉంది. కాలిస్తే కరిగి ముద్దై, చుట్టూ నిలబడ్డ పిల్లల ఊపిరితిత్తుల్లోకి విషపు పొగ పంపుతుంది. భోగి మంటకు పిడకలు, కట్టెలు ఉన్నాయి. బాగున్న బట్టలు ఇవ్వండి, బాగాలేని నూలు బట్టలు బొంతకో, తుడుపు గుడ్డలకో వాడండి.

చివరగా, ఈ పనంతా ఎవరు చేయాలన్న ప్రశ్న. ఇంటి బీరువా మొత్తం ఒక్క ఆడమనిషి చేతి మీదుగా నడవాలన్న పద్ధతిని నేను ఒప్పుకోను. ఉద్యోగం చేసి వచ్చి, నలుగురి బట్టలూ మడిచి, ఎవరి మేజోడు ఎక్కడుందో ఆవిడే చెప్పాలనడం అన్యాయం. మా ఇంట్లో మనిషికొక అర. కంటికి ఎదురుగా ఉండే భాగంలో ఆ కాలానికి వాడేవి, అడుగున మిగతావి. అక్టోబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి పైవి కిందికి, కిందివి పైకి. ఎవరి అర వాళ్లే మార్చుకోవాలి. మగపిల్లవాడితో బట్టలు మడత పెట్టించడమేమిటని చుట్టాలు అడిగారు. వాడికి పదకొండేళ్లు. తడి చొక్కా లోపల పెడితే మర్నాడు పక్కనున్న యూనిఫాముకు కూడా వాసన పడుతుందని వాడికి బాగా తెలుసు. వాన రోజుల్లో చొక్కా కాలరు, చంకల దగ్గర చేత్తో తడిమి చూసుకుని, ఇంకా చెమ్మ తగిలితే ఫ్యాను కింద కుర్చీకి వేసి పడుకుంటాడు.